ఇరవై నాలుగు యూరోల బోణీ

జర్మన్ భాషలో ఇరవై నాలుగు అనడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. గోడ మీది క్యాలెండర్లో పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను. వాళ్ళు మనలాగా ఇరవై చెప్పి ఆ తర్వాత నాలుగు చెప్పరు. ముందు నాలుగు చెప్పి, మధ్యలో ఒక ‘ఉంట్’ పెట్టి, ఆ తర్వాత తీరిగ్గా ఇరవై దగ్గరికి వస్తారు. ఫీర్‌ఉంట్‌త్స్వాన్‌సిష్. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటను నమిలీ నమిలీ నా దవడలు నొప్పి పుట్టాయి. ఒకరోజు పక్క సీటు పెద్దావిడ నా వంక జాలిగా చూసి, “పంటినొప్పా అమ్మా? లవంగం పెట్టుకో, తగ్గిపోతాది” అంది. నాకు ఒళ్ళు మండింది కానీ ఆమెను ఏమనగలను.

ఆ మాటతో నాకేం పనో చెప్పాలి. నేను చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేసే మనిషిని. కొండ మీది కట్టెను కోసి, ఉలితో చెక్కి, ఆకురాయితో రాసి, గరుకు కాగితంతో నున్నగా తీసి, పిడి మీద ఆకో చేపో జాలీ పనో చెక్కుతాను. ఉదయగిరిలో ఈ పని ఎప్పటి నుంచో ఉంది. నేను పెళ్ళయిన కొత్తలో నేర్చుకున్నాను, ఇప్పుడు నాకు నలభై నాలుగేళ్ళు. మా సెంటర్లో ఒకే షెడ్డు కింద ఆడవాళ్ళం, మగవాళ్ళం కలిపి ఇరవై మంది దాకా కూర్చుంటాం. ఇన్నేళ్ళలో నేను చేసిన చెంచాలకు లెక్క లేదు. కానీ వాటిలో ఒక్కదానికి కూడా నా నోటితో ధర చెప్పలేదు.

మా దగ్గర పద్ధతి అది. చేసేవాళ్ళు చేస్తారు. మేనేజరు వచ్చి స్టిక్కరు మీద అంకె రాసి అంటిస్తాడు. అమ్మేవాళ్ళు వేరే. ఒకసారి హైదరాబాదులో ఎగ్జిబిషన్‌కు నన్ను తీసుకుపోయారు. నేను సంబరపడి కొత్త చీర కట్టుకుని పోతే, స్టాలు వెనక చాప వేసి, “ఇక్కడ కూర్చుని చెక్కతా ఉండమ్మా, జనం చూస్తారు” అన్నారు. అంటే నన్ను తీసుకుపోయింది అమ్మడానికి కాదు, చూపించడానికి. ఒకామె నేను చేసిన చేప పిడి గరిటెను చేతిలో పట్టుకుని, వంగి నన్నే అడిగింది, “ఇది ఎంతండీ?” అని. నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి మేనేజరు ధర చెప్పేశాడు. తెరిచిన నోరు అట్లానే మూసుకున్నాను. ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుదల, ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు అడిగితే, నా సామానుకు నేనే ధర చెప్పాలని.

అట్లాంటి సమయంలో బెంగళూరు నుంచి ఒక మేడమ్ వచ్చింది. చేతిపనుల వాళ్ళను విదేశాల సంతలకు పంపే పని ఆమెది. క్రిస్మస్‌కు ముందు జర్మనీలో ఒక ఊళ్ళో పది రోజుల సంత ఉందట, మా సెంటర్‌కు ఒక సీటు ఇస్తారట. “కానీ ఒక కండిషన్” అంది మేడమ్. “పక్కన దుభాషీ ఎవరూ ఉండరు. ధర చెప్పడం, డబ్బు తీసుకోవడం, చిల్లర ఇవ్వడం వరకు జర్మన్ మీకే రావాలి. రెండు నెలల తర్వాత నేనే వచ్చి కొనేదానిలా నిలబడి పరీక్ష పెడతాను.” ఇంకో మాట కూడా అంది. అక్కడ బేరాలు ఉండవు, స్టిక్కరు మీద ఉన్నదే ధర, ఫోర్కు చెంచా జత ఇరవై నాలుగు యూరోలంటే ఇరవై నాలుగే, ఒకరికి తగ్గించినా ఊరుకోరు. నేను విన్నాను. వినలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను.

పేర్లు ఇచ్చింది ఇద్దరం. నేనూ, వరికుంటపాడు నుంచి రోజూ బండి మీద వచ్చే ఒక తమ్ముడూ. తమ్ముడంటే రక్తసంబంధం కాదు, అక్కా అని పిలుస్తాడు కాబట్టి. ముప్పై ఏళ్ళుంటాయి. చెక్కడంలో నా ముందు వాడు ఇంకా పిల్లవాడే, కానీ మాటకారి. నేర్చుకోవడానికి ఏం చేస్తున్నావురా అని అడిగితే, “ఫోన్లో యాప్ ఉండాదిలే అక్కా, చూసుకుంటా” అన్నాడు. ఆ రెండు నెలలూ వాడు ఆ యాప్ తెరవగా నేను చూడలేదు.

నాకు యాప్ పనికి రాలేదు. అది చెప్పేది వినపడేది కాదు, వినపడితే అర్థమయ్యేది కాదు. మా చర్చిలో ఒకామె చెబితే తెలిసింది, ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మాయి జర్మనీ ఉద్యోగానికని ఆ భాష నేర్చుకుంటోందని. పోయి కాళ్ళావేళ్ళా పడ్డాను. పాతికేళ్ళ పిల్ల, కళ్ళద్దాలు, మొహాన నవ్వు తక్కువ. “ఫీజు వద్దక్కా, నాకూ రివిజన్ అవుతాది. కానీ చెప్పింది చదవకపోతే మాత్రం రావద్దు” అంది. మంగళవారం, శనివారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా, ఆసుపత్రి మేడ మీద సెలైన్ సీసాల అట్టపెట్టెలు పెట్టే గదిలో మా క్లాసు.

మొదటి రోజే నా ఉత్సాహం నీరుగారిపోయింది. డబ్బు అంటే గెల్ట్. సరే. నోటు అంటే షైన్. సరే. నాణెం అంటే మ్యూంట్సె. అక్కడ ఆగిపోయాను. ఆ ‘మ్యూ’ మన ‘మ్యూ’ కాదట. “ఈల వేసేటట్టు మూతి పెట్టి, లోపల ‘ఈ’ అనండి” అంది. నేను మూతి పెట్టాను. ఈల వచ్చింది కానీ ‘ఈ’ రాలేదు. మళ్ళీ అనమంది. మళ్ళీ ఈలే. మూడోసారి ఆ పిల్ల కూడా మొహం అటు తిప్పుకుంది, నవ్వు ఆపుకోవడానికి.

అది చాలదన్నట్టు నోటు మగ, నాణెం ఆడ, డబ్బు రెండూ కాదు. “డబ్బుకి ఆడా మగా ఏంది సిస్టర్? ఎవరు చూసినారంట?” అని అడిగాను. “నేను పెట్టలేదక్కా ఈ రూల్సు, రాసుకోండి” అంది. రాసుకున్నాను. ఎర్ర పెన్ను, నీలం పెన్ను, ఏమీ కానిదానికి పెన్సిలు. చిల్లర క్లైన్‌గెల్ట్, తిరిగి ఇచ్చే చిల్లర వెక్సెల్‌గెల్ట్, రశీదు క్విట్టుంగ్, చేతికి డబ్బులిస్తే బార్. మనం టీ తాగమని పైన ఇచ్చే దానికి వాళ్ళు ట్రింక్‌గెల్ట్ అంటారట, తాగడానికి డబ్బులని. అది ఒక్కటే నాకు చప్పున వచ్చింది. “తాగేదానికి సంబంధించింది అయితే బానే ఎక్కింది” అన్నాడు మా ఆయన. ఆయన మర్రిపాడు వైపు కంకర లారీ తోలతాడు, ఎగతాళికి ఎప్పుడూ తీరికే.

ఇంకో కోపం ఏమిటంటే, ఇక్కడ మా ఊళ్ళో పునుగుల బండి దగ్గర కూడా ఫోను చూపించి పోతున్నారు. చిల్లర అనే మాటే జనం మర్చిపోతున్నారు. అంత పెద్ద దేశం పోయి నేను నాణేలు ఏరుకోవాలా? “అక్కడ ముసలివాళ్ళు నోట్లూ నాణేలే ఇష్టపడతారంట అక్కా” అంది సిస్టర్. ఆ పిల్ల కూడా పోయి చూసింది లేదు, ఎవరో చెప్పిందే. అయినా అట్టముక్కలతో యూరోలు కత్తిరించింది. ఒకటి, రెండు, అయిదు, పది, ఇరవై. మందుల డబ్బాల అట్ట కాబట్టి ఇరవై యూరోల నోటు వెనక ‘భోజనం తర్వాత’ అని ఉండేది.

అంకెలు మాత్రం నన్ను ఏడిపించాయి. ఇరవై నాలుగు అనబోయి నలభై రెండు అనేదాన్ని. “అట్లంటే గిరాకీ పారిపోతాది అక్కా” అనేది సిస్టర్. తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. ఒక శనివారం పుస్తకం బల్ల మీద విసిరికొట్టి, “నాకు రాదు తల్లీ, నా బుర్ర చెక్కకే పనికొస్తాది” అని లేచిపోయాను. మెట్లు దిగి బస్టాండు దాకా వచ్చాను. ఉదయగిరి బస్సు నిలబడి ఉంది. ఎక్కబోతుంటే ఆ హైదరాబాదు ఆమె, నా తెరిచిన నోరు గుర్తొచ్చాయి. ఛీ అనుకుని వెనక్కి పోయాను. ఆ పిల్ల బల్ల దగ్గరే ఉంది, పుస్తకంలో చినిగిన పేజీకి ఆసుపత్రి ప్లాస్టర్ అంటిస్తూ. నన్ను చూసి, “ఫీర్‌ఉంట్” అని ఆగింది. నేను “త్స్వాన్‌సిష్” అన్నాను. అదే ఆ పదకొండో రోజు.

ఆ తర్వాత నిజంగానే దారిలో పడింది. కండక్టరు చిల్లర అడిగితే మనసులో క్లైన్‌గెల్ట్ అనుకునేదాన్ని. కొండాపురం నుంచి మా ఆడబిడ్డ వస్తే, ఆమె తెచ్చిన పెసరపప్పు సంచికి కూడా ధర జర్మన్‌లో చెప్పాను. సిస్టర్ చివరి రెండు వారాలూ కొనేదానిలా నటించేది. చెంచా పట్టుకుని అటూ ఇటూ తిప్పి, “త్సు టోయర్” అనేది. చాలా ఎక్కువ అని. నేను తల ఎత్తి, “నైన్. ఫెస్ట్‌ప్రైస్” అనాలి. కాదు, ఇది ఒకటే ధర అని. అనేదాన్ని. ఎంత గట్టిగా అనేదాన్నంటే, కింద కాంపౌండరు పైకి వచ్చి ఏదైనా గొడవా అని అడిగాడు. రబాట్ అంటే తగ్గింపు అని కూడా చెప్పింది, కానీ వెంటనే, “ఇది విని అర్థం చేసుకునేదానికే, మీ నోటి నుంచి రాకూడదు, మర్చిపోండి” అంది. ఆ గదిలో ఒక్కసారి కూడా నేను ధర తగ్గించలేదు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. మా అమ్మ సీతాఫలాల కాలంలో ఉదయగిరి బస్టాండులో గంప పెట్టుకుని పళ్ళు అమ్మేది. పొద్దున మొదటి గిరాకీ వచ్చిందంటే, వాళ్ళు ఎంత అడిగితే అంతకు ఇచ్చేసేది. బోణీ బేరం తిరిగి పోకూడదు, పోతే ఆ రోజు గంప కదలదని ఆమె నమ్మకం. వచ్చిన మొదటి నోటును కళ్ళకు అద్దుకుని, పళ్ళకు తాకించి, నడుముకున్న సంచిలో దోపుకునేది. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషే. ఇవన్నీ మూఢనమ్మకాలమ్మా అని పాస్టరయ్య చెబితే, సరే అయ్యా అని తల ఊపి, సోమవారం పొద్దున మళ్ళీ అదే పని.

నాకు పదేళ్ళప్పుడు ఒకరోజు అమ్మ నీళ్ళు తాగడానికి పోయి నన్ను గంప దగ్గర కూర్చోబెట్టింది. ఒకాయన వచ్చి తక్కువకు అడిగాడు. నేను పెద్ద వ్యాపారస్తురాలిలాగా, “రాదు” అన్నాను. ఆయన బద్వేలు బస్సు వైపు పోయాడు. అమ్మ తిరిగి వచ్చి సంగతి విని నన్ను తిట్టలేదు, కొట్టలేదు. పళ్ళు కొంగులో పోసుకుని ఆ మనిషి వెంట పరిగెత్తింది. కదులుతున్న బస్సు కిటికీ పట్టుకుని, “అయ్యా, నువ్వు చెప్పిన ధరకే తీసుకో, బోణీ అయ్యా” అంటూ పరిగెత్తింది. ఆ కాళ్ళు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాయి. అప్పటి నుంచి బోణీ బేరం పోగొట్టడమంటే నాకు భయమే.

పరీక్ష రోజు పొద్దున తొమ్మిదింటికి మేడమ్ వచ్చింది. షెడ్డులో బల్ల వేసి, తెల్ల గుడ్డ పరిచి, సామాను పేర్చాం. ముందెవరు అంది మేడమ్. “అక్క పోనీండి మేడమ్, పెద్దామె” అన్నాడు తమ్ముడు. నేను కూడా, చదివిందంతా నాలుక చివరే ఉంది, మళ్ళీ దిగిపోతుందేమో అన్న ఆత్రంలో ఒప్పేసుకున్నాను.

మేడమ్ చేతిసంచీ భుజాన వేసుకుని, కొత్త మనిషిలా నడుచుకుంటూ వచ్చి, బల్ల ముందు నిలబడింది. నేను చేసిన ఆకు పిడి ఫోర్కు, చెంచా, జత ఎత్తి చూసింది. అది ఎంతండీ అని జర్మన్‌లో అడిగింది. “ఫీర్‌ఉంట్‌త్స్వాన్‌సిష్ ఓయ్‌రో” అన్నాను. తడబడలేదు. కార్డు తీసుకుంటారా అంది, లేదు, చేతికి డబ్బులే, అన్నాను. రశీదు కావాలా అని నేనే అడిగాను. షెడ్డులో అందరూ పని ఆపి చూస్తున్నారు. మా మేనేజరు నోరు కొంచెం తెరుచుకుంది. నాకు లోపల ఎంత పొంగిపోయిందో చెప్పలేను. ఇన్నేళ్ళకు నా సామానుకు నేను ధర చెప్పాను.

అప్పుడు మేడమ్ చెంచాను కింద పెట్టేసి, “త్సు టోయర్” అంది. సంచీలో నుంచి ఒక నోటు తీసింది. అట్టముక్క కాదు, నిజమైన ఇరవై యూరోల నోటు, నీలం రంగుది. దాన్ని నా ముందు పట్టుకుని, త్స్వాన్‌సిష్‌కు ఇస్తారా అంది. నేను నైన్ అనడానికే నోరు తెరిచాను. ఆమె వెంటనే సంచీ మూసి, ఒక అడుగు వెనక్కి వేసి, పోబోతున్నట్టు తిరిగింది.

పొద్దున తొమ్మిది. మొదటి గిరాకీ. తిరిగి పోతోంది.

“గూట్. త్స్వాన్‌సిష్. బిట్టె” అన్నాను. సరే, ఇరవై, తీసుకోండి అని. చక్కటి జర్మన్‌లో అన్నాను. ఆ నోటు తీసుకుని, కళ్ళకు అద్దుకుని, బల్ల మీది చెంచాలన్నిటికీ తాకించాను. అంతా అయ్యాక కానీ ఏం చేశానో తెలియలేదు. తల ఎత్తితే మేడమ్ పుస్తకంలో ఏదో రాసుకుంటోంది.

నా తర్వాత తమ్ముడు నిలబడ్డాడు. వాడికి వచ్చిన మాటలు ఏడంటే ఏడు. ధర అడిగితే స్టిక్కరు మీద వేలు పెట్టి చూపించాడు. చిల్లరకు ఫోన్లో కాలిక్యులేటరు తీశాడు. ఎక్కువ అంటే నైన్. తగ్గించవా అంటే నైన్. పోతానంటే పళ్ళు ఇకిలించి నైన్. వాడికేం, బోణీ అప్పటికే అయిపోయింది, నేను చేసి పెట్టాను. సీటు వాడికే ఇచ్చారు.

నేను ఊరుకోలేదు. మేడమ్ కారు ఎక్కబోతుంటే అడ్డం పోయాను. “మేడమ్, వాడికంటే నేనే గదా బాగా చెప్పింది.”

“మీరే బాగా చెప్పారమ్మా. ఇంత బాగా చెబుతారని నేను అనుకోలేదు. కానీ అక్కడ ఒకరికి తగ్గిస్తే పక్క స్టాలు వాళ్ళు కంప్లైంట్ చేస్తారు. ఆ రిస్క్ నేను తీసుకోలేను.”

“తగ్గించేదాన్ని కాదు మేడమ్. అది బోణీ అయినందుకు ఇచ్చినాను.”

“అది పరీక్షమ్మా, బోణీ కాదు.”

నిజమైన పొద్దు, నిజమైన నోటు, నేను నిజంగా చేసిన చెంచా. బోణీ కాకుండా ఎట్లా పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా మీద నాకే కోపం. రెండు నెలల బస్సులు, మూతి వంకర్లు, పెన్నుల రంగులు, అన్నీ ఒక్క నోటు దగ్గర గంగలో కలిపేశాను.

శనివారం ఆత్మకూరు పోయి సిస్టర్‌కు చెప్పాను. ఆ పిల్ల కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “మనం ఎప్పుడూ మధ్యాహ్నం రెండింటికే ప్రాక్టీస్ చేసినాము అక్కా. ఒక్కరోజన్నా పొద్దున్నే చేసుంటే తెలిసిపోయుండేది” అంది. నేను కూడా అప్పటిదాకా అది ఆలోచించలేదు. ఆ పిల్లను తిట్టడానికి కారణం దొరికితే బాగుండేది, దొరకలేదు.

ఇంటికి వచ్చి పుస్తకాన్ని బట్టల కింద పెట్టేశాను. మూడో రోజు తమ్ముడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. తల గీక్కుంటూ, “అక్కా, ఆ అంకెలు ఒకసారి చెప్పవా” అన్నాడు.

“యాప్ ఉండాది గదా. పోయి దాన్ని అడుగు.”

“అది చెప్తే ఎక్కడం లేదక్కా. నువ్వు చెప్తే ఎక్కతాది.”

చెంపలు వాయించాలనిపించింది. కానీ వాడు తీసుకుపోయే పెట్టెలో సగం నా సామానే. ఇరవై నాలుగుకు బదులు వీడు పద్నాలుగంటే పోయేది నా పనే. పళ్ళు కొరుక్కుంటూ చెప్పాను. రోజూ పని మొదలుపెట్టే ముందు అరగంట. వాడు తప్పు చెబితే గరిటెతో మోకాలి మీద ఒకటి వేసేదాన్ని, కొంచెం గట్టిగానే. ఎవడొచ్చి ఏమడిగినా నైన్ అనరా, పోయేవాణ్ణి పోనీరా అని వందసార్లు చెప్పాను. వాడు సీరియస్‌గా తల ఊపేవాడు. పోయే రోజు నా కాళ్ళకు దండం పెట్టి పోయాడు. నేను దీవించాను కానీ మనస్ఫూర్తిగా కాదు, ఆ మాట దేవుడికి తెలుసు.

సంత మొదలైన రోజు మధ్యాహ్నం రెండున్నర అవుతోంది. నేను షెడ్డులో ఫోర్కు పళ్ళ మధ్య ఆకురాయి పెట్టి రాస్తున్నాను. ఫోను మోగింది, వీడియో కాల్. తమ్ముడు, నెత్తిన ఉన్ని టోపీ, నోట్లో నుంచి పొగ. అక్కడ పొద్దున పదట, అప్పుడే స్టాలు తెరిచాడట. “చూడక్కా, నీ సామాను ముందు వరసలో పెట్టినాను” అని ఫోను అటూ ఇటూ తిప్పి చూపించాడు. చూశాను. ఆకు పిడివి, చేప పిడివి, నా చేతిలో నుంచి పోయినవన్నీ అక్కడ ఎర్ర గుడ్డ మీద ఉన్నాయి.

అంతలో ఒక ముసలామె వచ్చి స్టాలు ముందు నిలబడింది. వాడు గాభరాగా ఫోనును ఒక డబ్బాకు ఆనించి పెట్టాడు. నాకు ఆమె కోటు, చేతులు, కొంచెం మొహం కనిపిస్తున్నాయి. ఆమె నా ఫోర్కు, చెంచా జతను తీసుకుంది. పిడి మీది ఆకును బొటనవేలితో మెల్లగా తడిమింది. ధర అడిగింది. వాడు, “ఫీర్‌ఉంట్‌త్స్వాన్‌సిష్ ఓయ్‌రో” అన్నాడు. అచ్చం నాలాగా అన్నాడు. ‘ఉంట్’ దగ్గర నేను ఆగే చోటే ఆగాడు.

ఆమె జతను కింద పెట్టేసింది. సంచీ తెరిచి, అందులో చెయ్యి పెట్టి, తల వంచుకుని కెలుకుతూ ఉండిపోయింది. ఎంతసేపో. వాడు ఫోను వైపు చూశాడు. నా వైపు చూశాడు. వాడేం అడుగుతున్నాడో నాకు తెలుసు. అక్కడ పొద్దున పది. మొదటి గిరాకీ.

వందసార్లు నైన్ చెప్పించిన నోరు నాది. ఆ నోటితోనే అన్నాను, “ఏం చూస్తావురా, ఇచ్చెయ్. బోణీ.”

“త్స్వాన్‌సిష్” అన్నాడు వాడు, ఊపిరి వదిలి.

ఆమె తల ఎత్తింది. అర్థం కానట్టు వాడి మొహం చూసింది. ఆ తర్వాత చెంచా వెనక అంటించిన స్టిక్కరును వేలితో రెండుసార్లు తట్టింది. “నైన్, నైన్” అంది. “ఫీర్‌ఉంట్‌త్స్వాన్‌సిష్.” సంచీలో నుంచి ఒక నీలం నోటు, రెండు నాణేలు తీసి గుడ్డ మీద పెట్టింది. ఆమె బేరమాడలేదు. ఇంతసేపూ సరిగ్గా చిల్లర కోసం వెతుక్కుంటోంది, అంతే.

వాడు కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆమె పోయింది. వాడు ఆ నోటును కళ్ళకు అద్దుకుని, ఎర్ర గుడ్డ మీది చెంచాలకు తాకించి, ఫోను వైపు చూసి నవ్వాడు. “చూసినావా అక్కా, మంచి బోణీ.” సరే పని చూసుకో అని ఫోను పెట్టేశాను.

పక్కన కూర్చున్నవాళ్ళు ఏమైంది, ఎందుకు ఏడుస్తున్నావు, అమ్ముడుపోలేదా అని అడిగారు. అమ్ముడుపోయింది, పూర్తి ధరకే అని చెప్పాను. మరి ఎందుకంటే ఏం చెప్పను? నా చెంచాకు తగ్గేది లేదని గట్టిగా చెప్పింది ఈ లోకంలో ఒకే ఒక్కామె, అదీ కొనడానికి వచ్చినామె. నాకు ఆ మాట రాక కాదు. పదకొండు రోజులు కూర్చుని నేర్చుకున్నాను.